ఐదో రోజున మొలిచినవి

ఓవెన్ తలుపు తెరిచి గాజుపలకను పటకారుతో బయటికి తీశాను. ఎడమవైపు వరుసలో మూడు మచ్చలు. కుడివైపు వరుసలో రెండే.

"మేడమ్!" అని అరిచాను. ల్యాబులో అరవకూడదు. పెళ్ళయిన దగ్గర్నుంచి నాకు ఇలాంటివి గుర్తుండడం లేదు.

శ్యామలాదేవి గారు టీ కప్పు కిటికీ గట్టు మీద పెట్టి వచ్చారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, పలకను వెలుగుకి ఎత్తి పట్టుకున్నారు. లేత ఆకుపచ్చ పూత మీద ముదురు నీలం మచ్చలు. ఆమె చూపుడు వేలు పలకకి తగలకుండా ఒక్కో మచ్చ పక్కనే ఆగుతూ వెళ్ళింది.

"ఇది మనం పోల్చుకోవడానికి పెట్టిన టీబీది. పైన ఒకటి, కింద రెండు. ఇది ఆ అమ్మాయిది. పైన ఒకటి ఉంది. దాని కిందే ఆనుకుని ఇంకొకటి. ఆ కింద ఉండాల్సిన రెండూ..." వేలు ఖాళీగా ఉన్న పూత ముందు ఆగింది.

"లేవు మేడమ్."

"లేవు. అయితే భువనకి టీబీ కాదు."

మళ్ళీ చూసుకున్నాం. ముందురోజు పెట్టిన పలకను కూడా డ్రాయరులోంచి తీసి పక్కన పెట్టుకుని చూశాం. అక్కడా అంతే. అప్పుడు శ్యామలాదేవి గారు నవ్వారు. నేను చేరిన ఈ నాలుగు నెలల్లో ఆవిడ పళ్ళు కనబడేలా నవ్వడం అదే మొదటిసారి.

ఆ పలక ముందు మేమెందుకంత ఆత్రంగా నిలబడ్డామో చెప్పాలి. భువన సినిమా పాటల్లో హీరోహీరోయిన్ల వెనక ఆడే పన్నెండుమందిలో ఒకతె. తల్లితో తెనాలి నుంచి వచ్చి రహమత్ నగర్‌లో అద్దెకుంటోంది. జనవరిలో ఆమె కాళ్ళ మీద, మోకాళ్ళ కిందుగా కురుపులు లేచాయి. చీము మా ల్యాబుకి వచ్చింది. టీబీ అని రిపోర్టు వెళ్ళింది. అప్పటినుంచి మూడు నెలలుగా మాత్రలు మింగుతున్నా కురుపులు మానకపోగా కొత్తవి నాలుగు లేచాయి. టీబీ ఉన్న పిల్ల పక్కన ఆడబోమని మిగతా అమ్మాయిలు అనడంతో డాన్స్ మాస్టర్ ఆమెను గ్రూపులోంచి తీసేశాడు. మూడు వారాల కిందట ఆమె జూబ్లీహిల్స్ గుట్టెక్కి మా ల్యాబుకొచ్చి, "ఇంకొక్కసారి చూడండి. ఈసారి కూడా అదే అయితే ఇంక అడగను" అంది. శ్యామలాదేవి గారు స్వయంగా చీము తీశారు.

మైక్రోస్కోపులో మళ్ళీ, జనవరిలో లాగే, రంగు పట్టిన ఎర్రటి పుల్లల్లాంటి క్రిములు కనబడ్డాయి. మామూలుగా అయితే అక్కడితో ఆగిపోతారు. ఈసారి మేం ఆగలేదు. ఈ జాతి సూక్ష్మజీవుల ఒంటి చుట్టూ మైనం లాంటి మందపాటి కొవ్వు పొర ఉంటుంది. ఎర్ర రంగు ఒకసారి ఆ పొరలోకి దిగిందంటే ఆమ్లంతో కడిగినా వదలదు. టీబీ క్రిమికీ అంతే, మట్టిలో, నీళ్ళలో బతికే దాని దాయాదులకీ అంతే. దూరంనుంచి చూస్తే అన్నీ ఎర్రచీరలే. ఏది గద్వాలో ఏది నారాయణపేటో అంచు పట్టుకుని చూస్తే గాని తెలియదు.

ఆ అంచు ఈ కొవ్వులోనే ఉంటుంది. మైకోలిక్ ఆమ్లాలు అంటారు. మన వంటనూనెలో కొవ్వు గొలుసుకి పద్దెనిమిది కర్బన పరమాణువులుంటే, వీటికి అరవై నుంచి తొంభై దాకా ఉంటాయి. ఒక్కో జాతి ఆ గొలుసును ఒక్కో రకంగా అల్లుకుంటుంది. మొలిచిన క్రిములను ఆమ్లం కలిపిన మిథనాల్‌లో ఉడికించి, కొవ్వును వేరుచేసి, గాజుపలక మీది సిలికా పూతకి అడుగున ఒక్క చుక్క పెట్టి, పలకను ద్రావకంలో నిలబెడతాం. అద్దకం బట్టకి తడి ఎక్కినట్టు ద్రావకం పైకి పాకుతుంది. దాంతోపాటే కొవ్వులూ ఎక్కుతాయి. ఏ కొవ్వు ఎక్కడిదాకా ఎక్కగలదో అక్కడ ఆగిపోతుంది. మందు చల్లి వేడి చేస్తే అవి ఆగిన చోట్లు నీలంగా బయటపడతాయి. శ్యామలాదేవి గారు కాలేజీలో పాఠాలు చెబుతూ ఇరవై రెండేళ్ళు ఇదే పని చేశారు. పదవీ విరమణ తర్వాత మేడ కింది గదుల్లో ఈ చిన్న ల్యాబు పెట్టుకున్నారు.

"ఇది టీబీకి దాయాది" అన్నారు ఆవిడ. "నీళ్ళలో పెరిగే రకం. తొందరగా మొలుస్తుంది. మనిషినుంచి మనిషికి అంటదు. టీబీ మాత్రలు దీనికి పనిచెయ్యవు. పనిచేసేవి వేరే ఉన్నాయి. ఏవో చూసి డాక్టరుగారికి రాద్దాం."

నేను ముందుగదిలోని ఫోన్ దగ్గరికి పరుగెత్తాను. మా ఆయన అరవింద్ ఆఫీసు హైటెక్ సిటీలో. ఏ చిన్న విశేషం జరిగినా ఫోన్ చేసి చెప్పాలని మేమిద్దరం ఒక నియమం పెట్టుకున్నాం. నిన్నటి విశేషం అతను ఉప్మా మాడకుండా చేయడం.

"టీబీ కాదట! నేనే చేసిన ప్లేటు. రెండే మచ్చలు!"

"ఆ డాన్స్ పిల్లకా? అరే, మంచి మాట జెప్పినవ్" అన్నాడు. వెనక కీబోర్డుల చప్పుడు వినిపిస్తోంది. "సాయంత్రం కరాచీ బేకరీకి పోదామా? ఉస్మానియా బిస్కట్లు తిని పండుగ చేసుకుందాం."

"నువ్వు ఆరింటికల్లా వస్తే చూద్దాం."

అత్తమ్మ ముందు 'మీరు', ఫోన్‌లో 'నువ్వు'. ఈ రెంటి మధ్య తిరగడం కూడా నాకు ఒక సరదా.

ఆ సరదా మీదే వచ్చి, ఫలితం ఎక్కించడానికి రిజిస్టరు తెరిచాను. కొత్త ఫలితం పక్కన పాత నంబరు రాయాలి. జనవరి పేజీలు వెనక్కి తిప్పాను. భువన పేరు దొరికింది. నా దస్తూరీయే. పక్కన: ఎర్ర పుల్లలు ఉన్నాయి. దాని పక్కన: కల్చర్ ఐదో రోజు మొలిచింది, మురికి పడింది, పారేశాం. చివరన: టీబీ.

ఆ వరుస మీద వేలు పెట్టి మళ్ళీ చదివాను.

టీబీ క్రిమి మొలవడానికి మూడు వారాలైనా పడుతుంది, కొన్నిసార్లు రెండు నెలలు. అందుకే మా పనిలో ఒక అలవాటు ఉంది. వారం తిరగకుండా కల్చర్ సీసాలో, అంటే చీములోని క్రిమిని మొలిపించే సీసాలో, ఏది మొలిచినా అది గాలిలోంచి పడిన మురికి కిందే లెక్క. ఉడకబెట్టి పారేస్తాం. అందరూ అలాగే చేస్తారు, నాకూ అలాగే నేర్పారు. కానీ పారేసే ముందు ఒక్క చుక్క తీసి, రంగు వేసి చూడాలి. చూసి ఉంటే అవీ ఎర్రగానే కనబడేవి. మురికి ఎర్రగా ఉండదు.

నేను చూడలేదు. అది శనివారం. నేను చేరి పది రోజులు. బయట ఆటోలో అమ్మ, వదిన పెళ్ళిచీర కొనడానికి నాకోసం ఎదురుచూస్తున్నారు. ఆటో హారన్ రెండుసార్లు మోగింది. ఆ మోతకి నాకెంత సంతోషమేసిందో ఇప్పటికీ గుర్తుంది.

రిజిస్టరు తీసుకెళ్ళి శ్యామలాదేవి గారి ముందు పెట్టాను. ఆవిడ చదివారు. వేలు పేజీ అడుగుకి దించారు.

"సంతకం నాది" అన్నారు. "కింద చూడు. నువ్వు రాసింది చదవకుండానే పెట్టాను. ఇరవై రెండేళ్ళు కొవ్వుల గురించి పాఠాలు చెప్పి, కాగితం చదవకుండా సంతకం పెట్టాను."

"అయినా పారేసింది నేను మేడమ్."

"సరే. రిపోర్టు టైపు చెయ్యి. ఫోన్‌లో చెప్పే సంగతి కాదు ఇది. ఇద్దరం వెళ్దాం."

*

ఎండ ఇంకా తగ్గలేదు. చెక్‌పోస్ట్ మీదుగా ఆటోలో దిగి, యూసుఫ్‌గూడ దాటి, రహమత్ నగర్ సందులో నడిచాం. సందంతా ఏప్రిల్ ఎండకి ఆరిన మిరపకాయల ఘాటు. మొదటి అంతస్తు మెట్ల మీదే భువన తల్లి జగదాంబ గారు కూర్చుని బియ్యం ఏరుతున్నారు. మమ్మల్ని చూడగానే చేట పక్కన పెట్టి లేచారు.

"ఏంటండీ, మీరే వచ్చారు? ఏమైందమ్మా? ఇంకేదైనా చెడ్డ జబ్బా?"

"టీబీ కాదమ్మా" అన్నాను. అంతకుముందు ఆటోలో ఎన్నో రకాలుగా కూర్చుకున్న మాటలేవీ రాలేదు.

జగదాంబ గారు అక్కడే, మెట్టు మీదే కూలబడ్డారు. "కాదా? నిజంగా కాదా?" అని రెండుసార్లు అడిగి, లోపలికి కేకేశారు. "భువనా! ఒసే భువనా! కాదంటే!"

భువన గుమ్మంలోకి వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, నిలువెత్తు మనిషి. పావడా కింద నుంచి రెండు కాళ్ళకీ కట్లు కనిపిస్తున్నాయి. నవ్వలేదు, ఏడవలేదు. తలుపు చెక్కని పట్టుకుంది.

లోపలికి వెళ్ళి చాప మీద కూర్చున్నాం. గూట్లో ఒక స్టీలు గ్లాసు విడిగా ఉంది, మెడకి ఎర్రదారం చుట్టి. జగదాంబ గారు తిన్నగా వెళ్ళి ఆ దారాన్ని పంటితో తెంపేసి, గ్లాసు కడిగి, అందులోనే మాకు నీళ్ళు తెచ్చి ఇచ్చారు. శ్యామలాదేవి గారు గ్లాసు అందుకుని గటగటా తాగేశారు. అది చూసి ఆ తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మూడు నెలలండీ. కన్నపిల్లకి కంచం వేరు, దుప్పటి వేరు. ఇంటివాళ్ళకి ఎముకల జబ్బని అబద్ధం చెప్పాను. రేపే వెళ్ళి చెప్పేస్తాను ఆ మాస్టరుకి! నా కూతురికి ఏ టీబీ లేదు పొమ్మని!"

"అమ్మా, ఉండు" అంది భువన. నా వైపు తిరిగింది. "మేడమ్, ఇప్పుడు తెలిసింది కదా. మరి జనవరిలో ఎందుకు తెలియలేదు?"

శ్యామలాదేవి గారు గొంతు సవరించుకున్నారు. "మా ల్యాబులో..."

"నేను పారేశాను" అన్నాను. "మీ కాలిలోంచి తీసినది ఐదో రోజుకే మొలిచింది. టీబీ అంత త్వరగా మొలవదు. మురికి అనుకున్నాను. పరీక్షించకుండా పారేసి, టీబీ అని రాశాను."

గదిలో ఫ్యాన్ తిరుగుతోంది. కింద సందులో ఎవరో స్కూటర్‌ని పదేపదే తన్నుతున్నారు, స్టార్ట్ కావడం లేదు.

"ఎందుకు పరీక్షించలేదు?" అంది భువన.

"తొందరలో ఉన్నాను. పెళ్ళిచీర కొనడానికి వెళ్ళాలి. బయట ఆటో ఆగి ఉంది."

భువన నా మెడలోని నల్లపూసలను చూసింది. "చీర బాగా కుదిరిందా?" అంది.

వెటకారం కాదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది. తిట్టినా భరించేదాన్ని.

"గద్వాల. మిరపపండు రంగు" అన్నాను.

"ఏం ఆడదానివమ్మా నువ్వు!" అన్నారు జగదాంబ గారు. "నా కూతురి కాళ్ళు ఆడి సంపాదించే కాళ్ళు. చీర కోసం వాటిని..."

"అమ్మా, చాలు" అంది భువన. "ఈవిడ వచ్చి చెప్పింది. చెప్పకపోతే మనకి తెలిసేదా?" శ్యామలాదేవి గారి వైపు తిరిగింది. "టీబీ కాదని, ఎవరికీ అంటదని కాగితం మీద రాసిస్తారా? ఇప్పుడే కావాలి. నేను ఆడిన ఒక పాట సగంలో ఆగింది, రేపు పొద్దున్నే ఆ మిగతా సగం తీస్తున్నారు. నా చోట ఒక కొత్తమ్మాయిని పెట్టారు. మొదటి సగంలో ఎడమనుంచి మూడోదాన్ని నేను. నా ఎత్తు అమ్మాయి దొరికింది గానీ నా నడుం దొరకలేదని మాస్టరు మొన్న కూడా విసుక్కున్నాడట. ఈ కాగితం చూపిస్తే రేపే నా చోటు నాకొస్తుంది. ఈ పాట పోతే ఇంకో గ్రూపు నన్ను పిలవదు మేడమ్. టీబీ పిల్ల అనే పేరు అలాగే ఉండిపోతుంది."

శ్యామలాదేవి గారు సంచిలోంచి రిపోర్టు తీసి ఆమె చేతిలో పెట్టారు. మూడు వాక్యాలు. టీబీ కాదు. ఒకరినుంచి ఒకరికి అంటదు. చికిత్స వేరే ఉంది. భువన పెదవులు కదుపుతూ చదువుకుంది. మడిచి జాకెట్టులో పెట్టుకుంది. అప్పుడు మొదటిసారి ఆమె ముఖం విచ్చుకుంది.

"ఒక్క ప్రశ్న" అన్నారు శ్యామలాదేవి గారు. "ఇది నీళ్ళలో ఉండే క్రిమి. చర్మం మీద చిన్న గాటు ఉంటే లోపలికి పోతుంది. కురుపులు లేవడానికి రెండు మూడు వారాల ముందు ఎక్కడైనా నీళ్ళలో దిగావా? చెరువా, ఈతకొలనా?"

"లేదండీ. ఈత రాదు నాకు."

అప్పుడే మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. "భువనా! ఉన్నవా?" అంటూ ఒకతను గుమ్మంలో నిలబడ్డాడు. పై అంతస్తులో ఉండే తిరుమలేశ్. ఆ సినిమాకే సెట్లు వేసే విభాగంలో పని. చేతుల నిండా ఆకుపచ్చ-నీలం రంగు మరకలు, గోళ్ళలో కూడా.

"రేపు సెవెన్‌కి ఫస్ట్ షాట్ అంట. చెప్పిపోదామని వచ్చిన" అని, మమ్మల్ని చూసి ఆగిపోయాడు. విషయం విని ఎగిరి గంతేశాడు. "టీబీ గాదా? నేను ముందే చెప్పిన గద పెద్దమ్మా! గీ పోరి బండలెక్క ఉంటది, టీబీ ఎట్లొస్తదని!"

"బండలా ఉంటే నీకెందుకురా?" అన్నారు జగదాంబ గారు. కళ్ళు తుడుచుకుంటూనే నవ్వారు.

"మీ చేతుల మీద ఆ రంగేంటి?" అని అడిగాను. ఊరికే అడిగాను.

"పాటది మేడం. తామరకొలను సెట్. ఫిల్మ్‌నగర్ల మా ప్రొడ్యూసర్ గారి సొంత ప్లాటు ఉంది, దాంట్ల సిమెంట్ తొట్టి కట్టినం. నెమలిపింఛం రంగు నీళ్ళు. ఆ షేడ్ రావడానికి రెండు దినాలు పట్టింది. సగం పాట అయినంక హీరోకి ఫైట్ల చెయ్యి ఇరిగె. డిసెంబర్ల ఆగిన పాట రేపు మల్ల షురూ." అతని గొంతులో గర్వం తొణికింది. "నాలుగు నెలలు నీళ్ళు మార్చలే మేడం. ఒక్క చుక్క మార్చలే. మారిస్తే మల్ల ఆ రంగు రాదు, ముందరి సగంకి ఎనక సగంకి తేడా కొడ్తది. కంటిన్యుటీ! పైన టార్పాలిన్ కప్పి కాపలా కాసిన. ఎండకు తగ్గితే పొయ్యడం, రంగు కలపడం, ఫోటో పక్కన పెట్టి చూసుకోవడం. గదే నా డ్యూటీ."

శ్యామలాదేవి గారు నెమ్మదిగా అడిగారు. "పాచి పట్టకుండా బ్లీచింగ్ ఏమైనా వేస్తున్నారా?"

"బ్లీచింగా!" తిరుమలేశ్ నవ్వాడు. "బ్లీచింగ్ ఏస్తే రంగు మొత్తం పోతది మేడం."

నేను భువన వైపు చూశాను. ఆమె తన కాళ్ళ వైపు చూసుకుంటోంది.

"డిసెంబర్లో మొదటి సగం..." అన్నాను.

"ఐదు రోజులు" అంది భువన. "మోకాళ్ళ దాకా నీళ్ళలో ఆడాం. అప్పటికే నీళ్ళు పోసి రెండు వారాలైంది. కెమెరాకి కాళ్ళు నున్నగా కనబడాలని రోజూ పొద్దున్నే మేకప్ వ్యాన్‌లో అందరం బ్లేడుతో గీసుకుని, అట్నుంచి అటే తొట్టిలో దిగేవాళ్ళం. నేను మూడు చోట్ల కోసుకున్నాను. నీళ్ళలో దిగితే చురుక్కుమంది."

తిరుమలేశ్ ముఖంలోంచి నవ్వు జారిపోయింది. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఆ నీళ్ళలోంచే వచ్చిందని నేనిప్పుడు చెప్పలేను" అన్నారు శ్యామలాదేవి గారు. "నీళ్ళు తెచ్చి, మొలిపించి, కొవ్వు తీసి, ఈ అమ్మాయి ప్లేటు పక్కన పెట్టి చూడాలి. రెండు వారాల పని. కానీ ఫలితం వచ్చేదాకా ఆ నీళ్ళలో ఎవరూ దిగకూడదు."

"రేపు ఆపమంటరా?" తిరుమలేశ్ గొంతు మారింది. "మేడం, హీరో డేట్లు రేపు, ఎల్లుండే. ఆ నీళ్ళ మీద పేరు పెడితే ముందుగాల పోయేది నా నౌకరి. భువనను గూడ ఎవడూ పిలవడు. షూటింగ్ ఆపిన పిల్ల అంటరు. టీబీ కన్నా అది పెద్ద రోగం ఈడ."

"వాడు చెప్పేది నిజమే" అన్నారు జగదాంబ గారు. శ్యామలాదేవి గారి చెయ్యి పట్టుకున్నారు. "అమ్మా, కాగితం ఇచ్చారు, చాలు. మీ పుణ్యం. నీళ్ళ సంగతి మనకొద్దు. మా పిల్ల కాళ్ళకి ప్లాస్టిక్ కవర్లు చుట్టుకుని ఆడుతుంది."

"నున్నటి కాళ్ళు కావాలి వాళ్ళకి, కవర్లు కాదు" అంది భువన.

నేను ఏదో చెప్పబోయాను. శ్యామలాదేవి గారు కళ్ళతోనే వద్దన్నారు. ఆవిడ ఎందుకు వద్దన్నారో తర్వాత అర్థమైంది. కాగితం భువనది. దాంతో ఏం చేయాలన్నది ఆమె నిర్ణయం. మూడు నెలల కిందట ఆమెను అడగకుండా ఆమె జీవితం మీద ఒక మాట రాసేశాం. ఇప్పుడు రెండోసారి అదే పని చేయకూడదు.

భువన కట్టు అంచును వేలితో నిమురుతూ కూర్చుంది. తర్వాత ఉన్నట్టుండి తలెత్తి, "తిరుమలేశూ, మా గ్రూపులో పుష్పవల్లి రిహార్సల్‌కి ఏం వేసుకొస్తోంది?" అని అడిగింది.

"ఏమేసుకుంటది? డ్రెస్సు, మేజోళ్ళు."

"ఈ ఎండలో మేజోళ్ళా?"

"మోకాళ్ళ దాక. రెండు నెలల సంది గంతే. ఇంకో ఇద్దరు గూడ అట్లనే ఏస్తుండ్రు. ఫ్యాషన్ గావచ్చు అనుకున్న."

భువన కళ్ళు పెద్దవయ్యాయి. "నా పక్కన ఆడనని మొదట అన్నది పుష్పవల్లే" అంది మాతో. "అందరికంటే గట్టిగా అరిచింది. నా గ్లాసు బయటికి విసిరేసింది. అంటే దానికి కూడా... నాకొచ్చిందే తనకీ వచ్చిందని తెలిస్తే తననీ తీసేస్తారని భయపడి, మేజోళ్ళ కింద దాచుకుని, నా మీద అరిచిందన్నమాట." గొంతులో కోపం లేదు. "ఎక్కడ చూపించుకుంటోందో ఏమో. చూపించుకోవడం లేదేమో కూడా. పిచ్చిముండ."

"నీకెందుకే దాని గోల?" అన్నారు జగదాంబ గారు. "నీ చోటు నువ్వు చూసుకో."

"నా చోట్లో రేపు ఇంకో అమ్మాయి నిలబడుతుందమ్మా. నేను కాగితం చూపిస్తే నేను దిగుతాను, చూపించకపోతే ఆ పిల్ల దిగుతుంది. ఎవరో ఒకరు ఆ చోట్లో నిలబడాల్సిందే కదా." లేచి నిలబడింది. గోడ పట్టుకుంది. "నాకు చోటు కావాలి. కానీ ఆ నీళ్ళలో వద్దు."

తిరుమలేశ్ నేల చూపులు చూస్తున్నాడు. రంగు చేతులను ప్యాంటుకి రుద్దుకుంటున్నాడు, అది పోయే రంగు కాదని అతనికీ తెలుసు.

"నాలుగు నెలలు రోజు చేతులు పెట్టిన గదా అందుల" అన్నాడు మెల్లగా. "నాకేం కాలే."

"మీ చేతుల మీద గాట్లు లేవేమో" అన్నాను.

అతను చేతులు తిప్పి చూసుకున్నాడు. చూసుకుని, ఎవరి వైపూ చూడకుండా భువనను అడిగాడు. "ఏం జెయ్యాలె చెప్పు."

భువన నా ఎదురుగా వచ్చి నిలబడింది. గ్రూపులో అమ్మాయిలకి అడుగులు అప్పజెప్పేటప్పుడు ఆమె గొంతు ఇలాగే ఉంటుందేమో. తొందర లేదు, తడబాటు లేదు.

"రేపు పొద్దున ఆరింటికి మీరు సీసాలు తీసుకుని ఫిల్మ్‌నగర్ రండి. తిరుమలేశ్ గేటు తీస్తాడు. కావాల్సినన్ని నీళ్ళు పట్టుకోండి. ఆరున్నరకి వ్యాన్ వస్తుంది. అమ్మాయిలు బ్లేడు పట్టుకోకముందే నేను మాస్టరుకి కాగితం ఇస్తాను. ఆయన చదువుతుండగా అందరి ముందు నా కట్లు విప్పుతాను. పుష్పవల్లికి ఎదురుగా నిలబడి విప్పుతాను. తను మేజోళ్ళు తీస్తే మేమిద్దరం. తియ్యకపోతే నేనొక్కదాన్నే."

"నేనూ ఉంటాను" అన్నారు శ్యామలాదేవి గారు.

"మీరు ఉండాలి మేడమ్, మీ మాట వింటారు. కానీ ముందు ఈవిడ మాట్లాడాలి." వేలు నా వైపు చూపించింది. "నాకు చెప్పినట్టే అక్కడ కూడా చెప్పాలి. ఐదో రోజు మొలిచింది, పారేశానని. చీర సంగతితో సహా. తప్పు చేసినవాళ్ళు ముందు నోరు విప్పితే, దాచుకున్నవాళ్ళకి ధైర్యం వస్తుంది. చెప్తారా?"

లైట్లు, కెమెరాలు, హీరో, వందమంది మనుషులు. నా ఉద్యోగం, శ్యామలాదేవి గారి ల్యాబు పేరు. ఇవన్నీ నా కళ్ళ ముందు ఒక్కసారిగా తిరిగాయి.

"చెప్తాను" అన్నాను.

"ఆలస్యం చెయ్యకండి" అంది భువన. "ఏడింటికి మొదటి షాట్. ఎడమనుంచి మూడో అమ్మాయే అందరికంటే ముందు నీళ్ళలో దిగుతుంది."